పాడి లేని కాలనీలో జున్ను

శాంతిసుధా కాలనీలో కాఫీ చచ్చిపోయి మూడు నెలలైంది. అంత్యక్రియలు ఘనంగానే జరిగాయి. జిల్లాలో మొట్టమొదటి కాఫీ రహిత కాలనీకి బోర్డూ శాలువా ఇస్తామని ఆరోగ్య సంకల్ప సమితి అనే ఒక సమితి ప్రకటించడమే తడవు, కాలనీ సంఘం వారు కమ్యూనిటీ హాల్లో సభ పెట్టి ఇంటికొక ఫిల్టరు చొప్పున అందరిచేతా అప్పగింపజేసుకున్నారు. వాటిని బల్ల మీద గోపురంలా పేర్చి, పూలదండ వేసి ఫోటో తీయించారు. వాటిలో ఒకదానికి మూత లేదు, ఒకదానికి అడుగు లేదు, ఇంకొకటి ఎప్పటినుంచో దీపం వత్తులు దాచుకోవడానికి వాడుతున్నది. ఆ సంగతులేవీ ఫోటోలో పడలేదు.

మర్నాటినుంచి కాలనీ అంతా పొద్దున్నే హాలు ముందు నిలబడి కషాయం తాగింది. తాగిన వెంటనే మగవాళ్ళకి నడక మీద మక్కువ పుట్టింది. పక్క వీధికైనా బండి మీద వెళ్ళే మనుషులు కాలవ గట్టు వెంట లాకుల దాకా నడిచివెళ్ళి, మొహాలు వెలిగిపోతూ తిరిగొచ్చేవారు. లాకుల దగ్గర గాలి చాలా మంచిదని చెప్పుకునేవారు. గాలితోపాటు అక్కడ ఒక కాఫీ బండి కూడా ఉంది గాని, దాని ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆడవాళ్ళకి లాకుల దాకా వెళ్ళే తీరిక లేదు. వాళ్ళెలా నెట్టుకొస్తున్నారో అడగాలని సంఘానికి తోచలేదు.

సంఘానికి అధ్యక్షులు దక్షిణామూర్తిగారు. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవారు. ఉద్యోగం పోయినా చూపు పోలేదు. పెళ్ళి భోజనంలో లడ్డూ వడ్డిస్తే ముందు అరచేతిలో పెట్టుకుని బరువు అంచనా కట్టి, ఆ తర్వాత గాని నోట్లో వేసుకోరు. నిషేధపు తీర్మానం ఆయన స్వహస్తాలతో రాసినదే. "కాలనీ ఆవరణమందు కాఫీ అను ద్రవపదార్థమును తయారుచేయుట, నిల్వయుంచుట, సేవించుట నిషిద్ధము." అందులో ద్రవపదార్థము అన్న మాట తన చేత్తోనే పడిందని ఆయనకి గొప్ప సంతోషం. కొన్నాళ్ళకి ఆ మాటే ఆయన కాళ్ళకి చుట్టుకుంటుందని ఆయనకేం తెలుసు?

*

చివరి వీధిలో ఉండే మాణిక్యానికి ఈ తీర్మానాలతో పెద్ద పేచీ లేదు. సంఘం కషాయం తాగమంటే తాగింది. పసుపు డబ్బా వెనక కొంచెం కాఫీ పొడి దాచుకోమని సంఘం చెప్పలేదు గాని, దాచుకోవద్దని విడిగా వచ్చి ఆమెతో చెప్పినవారూ లేరు. ఆమె చిక్కల్లా అత్తగారితోనే.

అత్తగారు బుల్లెమ్మకి కాఫీ అంటే ప్రాణమని అనేవారు. అది తప్పు. ప్రాణం ఆవిడకి అంత ముఖ్యం కాదు. ఆషాఢంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. వాటిని ఆవిడ పట్టించుకోలేదు. అసలు కష్టం గొంతులో వచ్చింది. నీళ్ళలాంటిది ఏది పోసినా కడుపులోకి పోకుండా ఊపిరి దారి పడుతోంది.

"పల్చటివేవీ పొయ్యకండి," అంది డాక్టరమ్మ. "చిక్కగా, మెత్తగా ఉండాలి. నోట్లో పెడితే తనంతట తనే జారాలి. జున్నులాంటివి పెట్టండి."

"కాపీ?" అంది బుల్లెమ్మ మంచం మీంచి.

"అసలు వద్దు మామ్మగారూ."

బుల్లెమ్మ నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం అలాగిలాగ కాదు. జావ తెస్తే మూసుకుంది, మెత్తగా పిసికిన పెరుగన్నం తెస్తే మూసుకుంది, మాణిక్యం మొగుడు సూరిబాబు వచ్చి "అమ్మా, ఒక్క ముద్దే," అని బతిమాలితే కళ్ళు కూడా మూసుకుంది. మనిషి చిక్కి సగమైంది. ఈసారి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

"ఇలాగైతే ముక్కులోంచి గొట్టం వేసి పాలు పొయ్యాలమ్మా. ఇంక తప్పదు."

బుల్లెమ్మ చాలా రోజుల తర్వాత నోరు తెరిచింది. "గొట్టంలో కాపీ పోత్తారా?"

*

జున్నులాంటివి పెట్టమన్న మాట మాణిక్యం మనసులో తిరుగుతూనే ఉంది. కాఫీని జున్నులా గడ్డ కట్టించగలిగితే? కాని జున్నుపాలు ఎక్కడ దొరుకుతాయి? ఆ కాలనీలో గేదె అన్నది గోడమీద పాల కంపెనీ బొమ్మలో తప్ప కనబడదు. అప్పుడామెకి ఆడపడుచు సీతారత్నం ఇంట్లో ఒకసారి తిన్న గుడ్ల జున్ను గుర్తొచ్చింది. ఫోన్ చేసింది.

"వదినా, నేను వైజాగ్ మారేటప్పుడు మీకొదిలేసిన ఓవెన్ ఉందా, అమ్మేశారా?" అంది సీతారత్నం.

"ఉందమ్మా. ఉల్లిపాయలు పోశాను."

"పోస్తావు, పోస్తావు. అవి తీసి తుడిచి, నేను చెప్పినట్టు చెయ్యి. అమ్మ తింటే నాకు ఫోన్ చెయ్యి. తినకపోయినా చెయ్యి."

వంటింట్లో చోటు లేక వరండాలో ఓ మూల పడున్న ఆ ఓవెన్ నల్లగా, బొద్దుగా, కదలనని మొండికేసినట్టు ఉండేది. మాణిక్యం దాన్ని కడిగి, బొట్టు పెట్టి పనిలోకి దించింది.

మొదటిసారి మరిగే పాలల్లో గుడ్లు గిలక్కొట్టి పోసింది. అవి పోసినవి పోసినట్టే విరిగి ముద్దలు కట్టాయి. బుల్లెమ్మ చెంచా వంక చూసి, "కాపీ పొరటా?" అంది. రెండోసారి పాలు చల్లార్చింది గాని, గిన్నెల కింద నీళ్ళు పెట్టడం మరిచిపోయింది. అది పొంగి, చిల్లులు పడి, అంచులు మాడింది. "ఇది దిబ్బరొట్టె," అంది బుల్లెమ్మ. మాణిక్యానికి ఏడుపొచ్చినంత పనైంది గాని, ఒకటి కనిపెట్టింది. అత్తగారు నోరు మూసుకుని లేదు. ఏం వస్తుందా అని ఎదురుచూస్తోంది.

మూడోసారి తొందరపడలేదు. పంచదార కాచి, రాగి చెంబు రంగు వచ్చాక చిన్న స్టీలు గిన్నెల అడుగున పోసింది. గోరువెచ్చని పాలల్లో పంచదార, చిక్కటి డికాషన్, నురగ రాకుండా కలిపిన గుడ్లు వేసి వడకట్టింది. లోతు పళ్ళెంలో వేణ్ణీళ్ళు పోసి, వాటిలో గిన్నెలు నిలబెట్టి ఓవెన్‌లోకి తోసింది. సన్నని సెగ మీద అంచులు గట్టిపడి, నడుమ మాత్రం ఇంకా కాస్త వణుకుతుండగా తీసేసింది. చల్లారాక గిన్నె బోర్లించి, జారిన పాకం అత్తగారి గొంతుకి పడదని వంచేసి, లోపలి మెత్తని ముద్ద చెంచాతో తీసి పెట్టింది.

బుల్లెమ్మ నోట్లో పెట్టుకుంది. గుటక పడింది. పొలమారలేదు. ఎడమ చేత్తో కోడలి చెంచా పట్టుకుని తనవైపు లాక్కుంది.

"డికాసను ఇంకొంచెం పడాలి," అంది.

వారం తిరిగేసరికి బుల్లెమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని, వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పడం మొదలుపెట్టింది. అక్కడితో అయిపోతే కథే లేదు. ఓవెన్ ఉన్నది వరండాలో. కాఫీ వాసనకి తీర్మానాలు తెలియవు.

*

ముక్కు పైకెత్తి, గాలిని చిన్న చిన్న మోతాదుల్లో తూచుకుంటూ దక్షిణామూర్తిగారు వచ్చారు. వెనక కార్యదర్శి త్రిమూర్తులు.

"మాణిక్యమ్మగారూ, మీ ఆవరణమందు నిషిద్ధ పదార్థపు ఆనవాళ్ళు గాలిలో లభ్యమవుచున్నవి."

"అది జున్నులాంటిదండీ. అత్తమ్మకి డాక్టరమ్మ పెట్టమంది. కాఫీ వేశాను గాని, తాగేది కాదండీ. చెంచాతో పెడుతున్నాను."

"పెట్టుట, తాగుట అన్నవి తర్వాతి విషయములు. అది ఘనమా, ద్రవమా అన్నది ముందు తేలవలెను. తీర్మానమందు ద్రవపదార్థము అని యున్నది." ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కించిత్తు గర్వం ధ్వనించింది.

ఆ సాయంత్రమే సభ. హాల్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద మాణిక్యం తెచ్చిన గిన్నె పెట్టారు. దక్షిణామూర్తిగారు గిన్నెను మెల్లగా ఒక పక్కకి వంచారు. లోపలిది కదలలేదు.

"ఒలకలేదు. ఘనము," అన్నారు.

"కాని వణుకుతోందండీ," అన్నాడు త్రిమూర్తులు. "ఘనపదార్థం వణుకుతుందాండీ?"

"అధ్యక్షులవారి ముందు పెడితే ఏదైనా వణుకుతుందండీ," అంది వెనక వరసలోంచి ఎవరో ఆడమనిషి. ఆ వ్యాఖ్యను నమోదు చేయనక్కరలేదని అధ్యక్షులు సెలవిచ్చారు.

తర్వాత బోర్లించే పరీక్ష. పళ్ళెం మీద గిన్నె బోర్లించి రెండు తట్లు తట్టారు. జున్ను నిండుగా దిగి కూర్చుంది. సభలో అమ్మయ్య అనుకునేంతలో దాని నెత్తి మీంచి కాఫీ రంగు పాకం నాలుగు వైపులా కారి, పళ్ళెం దాటి, పక్కనే పెట్టిన తీర్మానం కాగితం మీదుగా సంతకాల దాకా పారింది.

త్రిమూర్తులు ఆ కాగితాన్ని చివర్లు పట్టుకుని పైకెత్తాడు.

"ఘనమునుండి ద్రవము బయల్వెడలినది," అన్నారు దక్షిణామూర్తిగారు చివరికి. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయనకి ఇలాంటి సరుకు తగల్లేదు. "కావున సదరు పదార్థము లోతైన అధ్యయనమునకు గురికావలసి యున్నది. అంతవరకు తయారీ నిలుపుదల."

ఆ రాత్రికే ఓవెన్ తలుపుకి తాడు కట్టి సీసం ముద్ర వేశారు. ముద్ర వేసే పట్టకారు ఆయన దగ్గర ఉండనే ఉంది. రిటైరైన రోజున శాఖవారు శాలువాతోపాటు ఇచ్చారట.

మర్నాడు పొద్దున మాణిక్యం చేతిలో జావ గిన్నె చూసి బుల్లెమ్మ నోరు మూసుకుంది.

*

మూసుకున్న నోరు మర్నాడూ తెరుచుకోలేదు. సోమవారానికి ఇలాగే ఉంటే ఆస్పత్రికి తీసుకొచ్చెయ్యమంది డాక్టరమ్మ. గొట్టం సిద్ధంగా ఉంటుందిట. మాణిక్యం కొంగు బిగించి అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళింది.

"అయ్యా, ఆ అధ్యయనం ఎప్పుడవుతుందండీ?"

"నమూనాలు అందగానే ప్రారంభమగును."

"నమూనా అంటే?"

"సరుకమ్మా. పరీక్షకు సరుకు కావలెను గదా."

"చేసి తెస్తానండీ. ముద్ర తీయించండి."

"పరీక్ష పూర్తి కానిదే ముద్ర తీయుటకు వీలులేదు."

"సరుకు లేనిదే పరీక్ష అవదు గదండీ?"

"ముమ్మాటికీ అవదు," అన్నారాయన, తన వాదం ఆమెకి ఇంత త్వరగా అర్థమైనందుకు మెచ్చుకుంటూ.

లోపల్నించి ఆయన భార్య హైమవతి కషాయం గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. "చూశారా మాణిక్యమ్మగారూ! మొదట్లో వేపాకు నమిలినట్టుండేది. ఈ మూడు నెలల్లో నాలుక ఎంత సంస్కారం నేర్చుకున్నదో! ఇప్పుడిది లేనిదే తెల్లవారదు."

హైమవతి పైట సర్దుకుంటూ, "పోనీ, పరీక్ష కోసమని ముద్ర తాత్కాలికంగా తీస్తే? తాత్కాలికం అంటే తీసినట్టు కాదు గదండీ," అంది.

తాత్కాలికం అన్న మాట ఆయనకి ఎంతో ఊరటనిచ్చింది. అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పారు. "కార్యవర్గ సభ్యుల ఇండ్లకు ఇంటికొక గిన్నె. గృహ వాతావరణమందు పరిశీలించి నివేదిక ఇత్తురు. ఒక గిన్నె మాత్రం మీవద్దనే భద్రపరచవలెను. అది సరిపోల్చు నమూనా."

"ఎక్కడ భద్రపరచమంటారండీ?"

"పాడవకుండు చోట."

"మా అత్తమ్మ కడుపులో పెడితే పాడవదండీ."

ఆయన ఆలోచించారు. సరిపోల్చు నమూనా నిల్వకు కడుపు పనికిరాదని ఏ నిబంధనలోనూ లేదు. "అభ్యంతరము కానరాదు," అన్నారు.

"ఇంకోటండీ. దీన్లో కోడిగుడ్డు ఉంది. తమరి ఇంట్లో…"

"అధికార హోదాలో తిన్నది భోజనము కిందికి రాదమ్మా," అన్నారాయన తడుముకోకుండా.

మాణిక్యం ఇంటికొచ్చి పసుపు డబ్బా జరిపింది. కాఫీ పొడి అడుగంటింది. దులిపి, గీకి, డికాషన్ తీసి, గిన్నెలన్నీ నింపింది. అదే ఆఖరు. నివేదికలు మంచిగా వచ్చినా మర్నాడు చెయ్యడానికి పొడి లేదు, అందరి కళ్ళ ముందూ కొత్తగా కొనితెచ్చే దారీ లేదు. అయినా అన్ని ఇళ్ళకీ గిన్నెలు పంపి, మిగిలిన ఒక్కటీ అత్తగారి ముందు పెట్టింది.

బుల్లెమ్మ భద్రపరచడం మొదలుపెట్టింది.

*

ఆ వైపు ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఏ ఇంటినుంచైనా జున్ను వస్తే ఆ గిన్నె వట్టిగా తిప్పిపంపరు. గుప్పెడు బియ్యమో, పసుపు కొమ్మో, బెల్లం ముక్కో వేసి పంపుతారు. వట్టి గిన్నె పంపితే పాడి వట్టిపోతుందని భయం. పాడి లేని కాలనీలోనూ ఆ భయం మాత్రం మిగిలే ఉంది.

మర్నాడు పొద్దున్నే త్రిమూర్తులు భార్య మూత పెట్టిన గిన్నె తెచ్చి చేతిలో పెట్టి, "మా ఆయన నివేదిక రాస్తున్నారండి, మళ్ళీ వస్తా," అని మాట పొడిగించకుండా వెళ్ళిపోయింది. మాణిక్యం మూత తీసింది. గిన్నెలో కాఫీ పొడి. ఆ వెనకే ఇంకొకావిడ వచ్చింది. మూత తీస్తే కాఫీ పొడి, ఈసారి ముదురు వేపు. ఆ తర్వాత వచ్చిన గిన్నెలో చికోరీ కలిపినది. ఒక గిన్నెలో పొడి ఇంకా వెచ్చగానే ఉంది. గిన్నెలన్నీ వరండా గట్టు మీద వరసగా పేర్చేసరికి, కాఫీ లేని ఆ కాలనీలో ఎన్ని రకాల కాఫీలు బతికున్నాయో మాణిక్యానికి మొదటిసారి తెలిసింది.

చివర హైమవతి స్వయంగా వచ్చింది. పైట చాటునుంచి తీసిన గిన్నె అంచుదాకా నిండి ఉంది.

"అసలు సిసలు గుండుగింజ కాఫీ పొడి," అంది నెమ్మదిగా. "మా ఆయనకి తెలీదు."

"మరి ఆయన ఇంట్లో తాగే కషాయం…"

"సగం ఇదే. లేకపోతే ఆయనతో వేగడం ఎవరి తరం మాణిక్యం? మొదటి వారం ఇంట్లో గరిటెలన్నీ తూచారు."

లోపలి మంచం మీంచి బుల్లెమ్మ నవ్వు వినబడింది. పక్షవాతం వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

నివేదికలన్నీ ఆ సాయంత్రానికే అందాయి. ఎవరికి వారు విడివిడిగా రాసినా, విచిత్రంగా అన్నింటిలోనూ ఒకటే మాట. ఇది జున్ను. దక్షిణామూర్తిగారు కూడా అధికార హోదాలో గిన్నె అడుగు దాకా పరిశీలించి, "నాకు చిరపరిచితమైన రుచి. ఎక్కడో రోజూ ఎరిగున్నట్టే ఉన్నది," అన్నారు. హైమవతి కిటికీలోంచి బయటికి చూసింది. సదరు పదార్థము జున్ను అనియు, జున్నుపై నిషేధము లేదనియు సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. సీసం ముద్ర ఊడింది. గొట్టం ఆస్పత్రిలోనే ఉండిపోయింది.

*

ఆ తర్వాత కాలనీలో ఇంటింటా జున్నే. అటకల మీది ఓవెన్లు కిందికి దిగాయి. ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్లో ఇసక పోసి కానిచ్చారు. మగవాళ్ళకి లాకుల దగ్గరి గాలి మీద మోజు తగ్గింది. ఫోటో తీయడానికి వచ్చిన ఆరోగ్య సంకల్ప సమితివారు కాఫీకి బదులు ఏం తీసుకుంటున్నారని అడిగితే, దక్షిణామూర్తిగారు ఉన్నదున్నట్టు చెప్పారు. "జున్ను. ప్రతి ఇంట, ప్రతి దినము."

ఆ మాట ఫోటోతో సహా పేపర్లో పడింది, కాలనీకి బోర్డు వచ్చింది. బోర్డు వెనకే పశువుల శాఖ జీపు కూడా వచ్చింది.

జీపులోంచి పశువైద్యాధికారి ప్రభుదాసుగారు దిగారు. నెమ్మదస్తుడు. "అయ్యా, గేదె ఈనిన కొద్ది రోజులే జున్నుపాలిస్తుంది," అన్నారు. "కాలనీ మొత్తం రోజూ జున్ను తినాలంటే ఇక్కడ దినం తప్పకుండా గేదెలు ఈనాలి. మా లెక్కల్లో మీ కాలనీలో పశువులే లేవు. మీరిచ్చిన సమాచారం తప్పని నేననను, పేపర్లో కూడా పడింది. కనుక గేదెలు ఉండి తీరాలి. వాటికి టీకాలు తెచ్చాను. ఎక్కడున్నాయి?"

దక్షిణామూర్తిగారు మనసులోనే తూచి చూసుకున్నారు. లేవంటే జున్ను అబద్ధం. జున్ను అబద్ధమైతే కాఫీ నిజం. కాఫీ నిజమైతే బోర్డు దించాలి.

"గేదెలు," అన్నారు గొంతు సవరించుకుని, "ప్రస్తుతము మేతకు వెళ్ళియున్నవి."

"అన్నీనా?"

"క్రమశిక్షణ గల గేదెలు."

ప్రభుదాసుగారు గాలి పీల్చి చూశారు. ఎటునుంచో కమ్మటి వాసన వచ్చింది. ఆయన ఆ వాసన వెంటే చివరి వీధికి నడిచారు. వెనకే అధ్యక్షులు, త్రిమూర్తులు, నడవగలిగిన కాలనీ యావత్తూ. మాణిక్యం వరండాలో అప్పుడే గిన్నెలు బయటికి తీస్తోంది. పక్కన కుర్చీలో బుల్లెమ్మ.

"మామ్మగారూ, ఈ జున్ను మీదేనా?"

"మాదే," అంది బుల్లెమ్మ. మాట ఇంకా ముద్దగానే ఉంది గాని, అందరికీ తెలిసింది.

"మరి ఈనిన గేదె ఏదండీ?"

దక్షిణామూర్తిగారు కళ్ళు మూసుకున్నారు. బుల్లెమ్మ ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి, మూల ఉన్న ఓవెన్‌ని చూపించింది.

"అదిగో నాయనా, ఆ నల్లది. రోజూ ఈనుద్ది. మేతక్కరలేదు, తన్నదు."

ప్రభుదాసుగారు ఓవెన్ వంక చూశారు, గిన్నెల వంక చూశారు, వీధి నిండా నిలబడ్డ జనం వంక చూశారు. మాణిక్యం చెంచాతోపాటు ఒక గిన్నె ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒక్క చెంచా తిన్నారు. ఆ వెనకే మిగతాదంతా తిన్నారు.

"జున్నేనండీ," అన్నారు చివరికి. "మరి దీనికి టీకా వెయ్యమంటారా మామ్మగారూ?"

"చెయ్యెయ్యకు నాయనా. కరెంటు కొట్టుద్ది."

వెళ్ళేటప్పుడు ఇంట్లో వాళ్ళకోసమని మాణిక్యం ఆయనకి ఇంకో గిన్నె మూతపెట్టి ఇచ్చింది. వారం తిరక్కుండా ఆ గిన్నె శాఖవారి జీపులో, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, మూత సందులోంచి కాఫీ వాసన చిమ్ముతూ తిరిగొచ్చింది. ప్రభుదాసుగారు కూడా ఆ వైపు మనిషేనేమో, వట్టి గిన్నె పంపలేదు.